చేపల తొట్టెకు కొత్త మట్టి

చేపల తొట్టె వున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒక ఆదివారం పొద్దున ఒక మాట పుడుతుంది: "ఇవాళ దీన్ని శుభ్రం చేసేద్దాం" అని. ఆ మాటకు కారణాలు లేకపోలేదు. కొన్ననాడు బంగారురంగులో మెరిసిన ఇసక ఇప్పుడు నల్లబడింది. పక్కనుంచి చూస్తే అద్దం వెంబడి పొరలు పొరలుగా మడ్డి కనిపిస్తున్నది. మొక్కల ఆకులు పాలిపోయాయి. చుట్టాలు వచ్చినప్పుడు తొట్టె చూపించాలంటే ఇంటావిడకు మొహమాటంగా వున్నది. అందుచేత ఇంటిల్లిపాదీ నడుం కడతారు. చేపలను బకెట్టులో వేస్తారు. అడుగుమట్టి అంతా తోడి వీధి కాలవలో పోస్తారు. తొట్టెను సబ్బుతో తోముతారు. బజారునుంచి తెచ్చిన కొత్త ఇసక పరిచి, కుళాయి నీళ్లు నింపుతారు. సాయంత్రానికి తొట్టె పెళ్లికూతురిలా తయారవుతుంది.

మంగళవారానికి నీళ్లు విరిగిన పాలలా తెల్లబడతాయి. బుధవారం చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ వుంటాయి. గురువారం పొద్దున పిల్లలు నిద్రలేచి తొట్టె దగ్గరకు పరుగెత్తుతారు. అక్కడ ఒకటో రెండో వెల్లకిలా తేలి వుంటాయి. "నిన్ననే గదా అంత శుభ్రం చేశాం, ఏమొచ్చింది వీటికి?" అని పెద్దలు ముఖాలు చూసుకుంటారు.

వాటికి జబ్బేమీ రాలేదు. వాటి ప్రాణానికి ఆధారమైన దాన్ని మనమే తోడి కాలవలో పోశాం. అదేమిటో తెలుసుకుంటే అడుగుమట్టిని మార్చవచ్చు, చేపలనూ దక్కించుకోవచ్చు.

అడుగున వున్న వంటవాళ్లు

చేప తిన్న తిండిలో కొంత భాగం అమ్మోనియాగా మారి, మొప్పల ద్వారా నీటిలోకి వస్తుంది. మిగిలిపోయిన తిండి, రాలిన ఆకులు కుళ్లినా వచ్చేది అదే. అమ్మోనియా చేపకు విషం. నదిలో అయితే ప్రవాహం దాన్ని కొట్టుకుపోతుంది. నాలుగు అద్దాల మధ్య అది ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. దాన్ని అక్కడే ఎవరో ఒకరు హరించాలి.

హరించేవాళ్లు వున్నారు, కంటికి కనబడరు, అంతే. 1890లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యను శాస్త్రజ్ఞుడు మట్టిలో వుండే కొన్ని సూక్ష్మజీవులను విడదీసి చూపించాడు. వాటిలో ఒక జట్టు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. రెండో జట్టు ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు చాలావరకు నిరపాయం. పైగా మొక్కలకు ఎరువు. ఈ రెండు పనులూ ఒంటిచేత్తో చేసే జాతి కూడా వున్నదని 2015లో తేలింది.

ఈ జీవులు నీటిలో ఈదుతూ వుండవు. ఇసక రేణువుల మీద, రాళ్ల మీద, ఫిల్టరులోని స్పంజి మీద సన్నని జిగురుపొరగా అతుక్కుని వుంటాయి. వాటికి ప్రాణవాయువు కావాలి కాబట్టి అడుగుమట్టిలో పై అంగుళంలోనే ఎక్కువగా కాపురం వుంటాయి. మనం మురికి అని తోమివేసే జిగురులో చాలా భాగం ఇదే. ఇంకొక చిక్కు ఏమంటే, వీటి సంతానం మహా నెమ్మది. పాలను విరగగొట్టే సూక్ష్మజీవులు అరగంటలో రెట్టింపవుతాయి. ఇవి రెట్టింపు కావడానికి ఒక రోజో, అంతకు మించో పడుతుంది. అందుకే కొత్త తొట్టె నిలదొక్కుకోవడానికి నాలుగునుంచి ఆరు వారాలు పడుతుంది. ఒక్క ఆదివారం నాడు మనం కడిగి పారబోసింది నెలన్నర సంపాదన అన్నమాట.

ఈ సంసారాన్ని గాజుపాత్రలో మొదట శ్రద్ధగా గమనించినవారిలో లండను రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టన్ ఒకడు. అతడు ఒక గాజుతొట్టెలో ఇసక, బురద వేసి, రిబ్బను వంటి ఆకులు గల వేలిస్‌నేరియా మొక్క నాటి, రెండు బంగారు చేపలను వదిలాడు. కొన్నాళ్లకు పాత ఆకులు కుళ్లి నీళ్లు పాడుకాసాగాయి. అప్పుడు అతడు తొట్టెను కడగలేదు. కొన్ని నీటినత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకులను తిన్నాయి, నీళ్లు తేటపడ్డాయి. ఈ సంగతి 1850లో అచ్చయింది. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూడడానికి చేపల ఇల్లు తెరిచారు. ఆ మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట ఇంగ్లీషు ఇళ్లలో వాడుకలోకి వచ్చింది. నాటినుంచి నేటివరకు మొక్కల తొట్టెకు మూలసూత్రం ఒక్కటే: చేప, మొక్క, అడుగుమట్టి మూడూ ఒకదాన్నొకటి పోషించుకోవాలి.

ఆవ చెప్పే పాఠం

ఎలమంచిలి వారికి ఈ సంగతి ఇంగ్లండునుంచి రానక్కరలేదు. అచ్యుతాపురం మీదుగా కాస్త దూరం వెళ్తే కొండల నడుమ కొండకర్ల ఆవ వున్నది. ఇదివరకు విశాఖ జిల్లాలో వుండేది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయిన తరువాత అనకాపల్లి జిల్లా లెక్కలోకి వచ్చింది. ఆంధ్ర దేశపు మంచినీటి సరస్సుల్లో కొల్లేరు తరువాత దీన్నే చెబుతారు. తాటిబోదెలు తొలిచి జతగా కట్టిన దోనెల మీద కూర్చుని తామరల మధ్యగా వెళ్తూ వుంటే, నీటి అడుగున నాచుమొక్కలు, వాటి సందుల్లో చిన్న చేపలు కనిపిస్తాయి.

ఆ ఆవను ఎవరు కడుగుతున్నారు? ఎవరూ కడగడం లేదు. పక్షుల రెట్టలు, రాలిన ఆకులు, చచ్చిన చేపలు అన్నీ అడుక్కే చేరుతున్నాయి. అడుగున వున్న బురద వాటిని అరిగించి, తామర దుంపకు తిండిగా పెడుతున్నది. అంచేత బురద చూసి అసహ్యించుకోనక్కరలేదు. తామర పుట్టేది అందులోంచే గదా!

"అయితే అసలు మార్చనే వద్దా?" అని మీరు అడగవచ్చు. మార్చాలి. ఎందుకంటే మన గాజుతొట్టె ఆవ వంటిది కాదు, ఊరి చెరువు వంటిది. చెరువు చిన్నది, వచ్చిపడేది ఎక్కువ, బయటకు పోయేది తక్కువ. అందుకని ఏళ్లు గడిచేకొద్దీ పూడుతుంది. మన రైతులు వేసవిలో నీళ్లు అడుగంటినప్పుడు బళ్లు కట్టుకుని, చెరువు గర్భంలోని పూడికమట్టి తవ్వి పొలాలకు తోలుకునేవారు. చెరువు లోతు పెరిగేది, చేనుకు బలం వచ్చేది. 2015లో తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని మొదలుపెట్టిన మిషన్ కాకతీయలోనూ, అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన నీరు–చెట్టు పథకంలోనూ పూడికతీతకు పెద్దపీట వేశారు.

చేపల చెరువుల రైతులదీ ఇదే విద్య. చేపలు పట్టిన తరువాత చెరువును ఎండబెడతారు. అడుగు నెర్రెలు విచ్చేదాకా ఆగి, దున్ని, సున్నం చల్లి, ఆ తరువాతే మళ్లీ నీళ్లు పెడతారు. ఎండ, గాలి తగిలి అడుగున వున్న కుళ్లు చచ్చిపోతుంది. చేపలు లేనప్పుడే అడుగు ముట్టుకోవాలనే నియమం వాళ్లకు ఎవరూ పుస్తకంలో రాసివ్వలేదు.

మార్చవలసిన రోజు ఎట్లా తెలుస్తుంది?

మట్టి నల్లబడినంత మాత్రాన మార్చనక్కరలేదు. లోపలి పొరలో కొద్దిగా నలుపు సహజం. ఈ కింది గుర్తులు కనిపిస్తే మాత్రం ఆలోచించాలి.

పుల్లతో అడుగును గుచ్చితే పెద్ద బుడగలు లేచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే, అడుగున గాలి ఆడడం లేదన్నమాట. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుది. అదీ చేపకు విషమే. మొక్కను మెల్లగా పైకి లాగితే వేళ్లు తెల్లగా రావాలి. నల్లగా, మెత్తగా, వాసనతో వస్తే ఆ మట్టిలో వేరు బతకడం లేదు. అంగళ్లలో మొక్కల కోసమని అమ్మే కాల్చిన మట్టిగుళికలు రెండు మూడేళ్లకు మెత్తబడి, పిండి అయి, గట్టకట్టుకుపోతాయి. అప్పుడు వాటిలో సారమూ వుండదు, గాలీ ఆడదు.

మరొక కారణం, మొదటే తప్పు ఇసక పడడం. మన తీరప్రాంతంలో ఇది తరచుగా జరిగేదే. పూడిమడక వైపు షికారు వెళ్లినవాళ్లు సముద్రపు ఇసక ముచ్చటగా వున్నదని సంచిలో వేసుకువస్తారు. అందులో ఉప్పు ఒకటే కాదు, నలిగిన గుల్లలూ వుంటాయి. గుల్ల అంటే సున్నమే. అది కొంచెం కొంచెంగా కరిగి నీటికి క్షారగుణం తెస్తుంది. క్షారగుణం పెరిగితే అమ్మోనియా మరింత విషమవుతుంది. నీటి పీహెచ్ 7నుంచి 8కి పెరిగితే, అదే అమ్మోనియాలో చేపను చంపే భాగం సుమారు పదింతలవుతుంది. ఇట్లాంటి ఇసక పడితే ఎన్నిసార్లు నీళ్లు మార్చినా లాభం లేదు, ఇసకే మార్చాలి.

మొక్కలు పాలిపోవడం ఒక్కటే ఇబ్బంది అయితే మట్టినంతా తవ్వనక్కరలేదు. వేరు దగ్గర గుచ్చే ఎరువు బిళ్లలు దొరుకుతాయి. వాటితో ఒక నెల చూడండి.

ఏ ఇసక, ఏ మట్టి?

ఇల్లు కట్టేవారి దగ్గర వుండే ఏటి ఇసక మనకు చాలు. సన్నని పిండి ఇసక వద్దు, గట్టకట్టుకుంటుంది. ఆవగింజకూ కందిగింజకూ మధ్య వుండే ముతక ఇసక జల్లెడ పట్టి తీసుకోండి. గుప్పెడు ఇసక మీద నాలుగు చుక్కల వినిగరు గాని, నిమ్మరసం గాని వేసి చూడండి. బుసబుస పొంగితే సున్నం వున్నట్టు. ఆ ఇసక మొక్కల కుండీకి పనికివస్తుంది గాని తొట్టెకు పనికిరాదు. పొంగకపోతే బియ్యం కడిగినట్టు కడగండి. పది పదిహేను నీళ్లు పోయినా విసుగుపడకండి. తేటనీళ్లు వచ్చేదాకా కడగవలసిందే. సబ్బు మాత్రం తగలకూడదు.

ఎంత కావాలి? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు వున్న తొట్టెలో రెండంగుళాల మందం పరచడానికి సుమారు తొమ్మిదిన్నర లీటర్ల ఇసక పడుతుంది. అంటే రమారమి పదిహేను కిలోలు. ముందువైపు ఒకటిన్నర అంగుళం, వెనకవైపు రెండున్నర అంగుళాలు వుండేట్టు ఏటవాలుగా పరిస్తే చూపుకూ బాగుంటుంది, వెనక నాటే పెద్ద మొక్కల వేళ్లకూ చోటు దొరుకుతుంది.

వేళ్లతో తినే మొక్కలు ఎక్కువగా పెంచాలనుకుంటే ఇసక కింద ఒక అంగుళం మట్టి వెయ్యవచ్చు. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ 1999లో వెలువరించిన పుస్తకం తరువాత ఈ పద్ధతికి లోకమంతటా ఆదరణ పెరిగింది. పెరటి మట్టి మంచిదే, కాని అందులో ఎరువులు, పురుగుమందులు పడి వుండకూడదు. పేడ ఎరువు కలిసిన కుండీ మట్టి అసలే వద్దు. మట్టిని జల్లించి, పుల్లలూ ఆకులూ తీసివేసి, రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, పై నీళ్లు వంచేసి, ఎండలో ఎండబెట్టాలి. ఇట్లా మూడు నాలుగుసార్లు చేస్తే అందులో కుళ్లవలసిందంతా ముందే కుళ్లిపోతుంది. చేపల చెరువును ఎండబెట్టే రైతు సూత్రమే ఇది.

ఒక్క హెచ్చరిక. కొత్త మట్టిగాని, అంగడిలో దొరికే సారవంతమైన గుళికలుగాని మొదటి మూడు నాలుగు వారాలు తామే అమ్మోనియాను విడుస్తాయి. వాటిలోకి అదే రోజు చేపలను వదలకూడదు. అన్నాళ్లు చేపలను వేరే టబ్బులో, పాత ఫిల్టరుతో వుంచగలిగితేనే మట్టి పద్ధతి పెట్టుకోండి. అంత వీలు లేనివారికి కడిగిన ఇసకే మేలు.

రెండు దారులు

ఉత్త ఇసకను ఉత్త ఇసకతో మార్చేవారికి నిదానపు దారి వున్నది. అడుగును మనసులో మూడు భాగాలు చేసుకోండి. అంగుళం లావు గొట్టంతో నీళ్లు బకెట్టులోకి దించుతూ, ఆ నీటితోబాటే ఒక భాగంలోని ఇసకను పీల్చుకుపోనివ్వండి. ఇసక లేచి నీళ్లు కలకబారకుండా గొట్టంలోంచే బయటకు పోతుంది. ఖాళీ అయినచోట కడిగిన ఇసకను గ్లాసుతో అడుగుదాకా దింపి, మెల్లగా ఒంపండి. మిగిలిన రెండు భాగాలను మూడేసి వారాల ఎడంతో మార్చండి. చేపలు తొట్టెలోనే వుంటాయి. పని నెలన్నర సాగుతుంది గాని ఒక్క చేపా పోదు.

అడుగు కుళ్లి వాసన వేస్తున్నా, కింద మట్టి వెయ్యాలన్నా నిదానపు దారి పనికిరాదు. కుళ్లు కదిలితే చేపలకు ప్రమాదం. అప్పుడు అంతా ఒకేసారి మార్చాలి. అందుకు వరస ఇది.

ముందురోజు చేపలకు తిండి పెట్టకండి. కుళాయి నీళ్లు బకెట్లలో పట్టి ఒక రోజు నిలవ వుంచండి. అందులోని క్లోరిన్ పోతుంది. మీ ఊరి నీళ్లలో కలిపేది క్లోరమీన్ అయితే నిలవ వుంచినా పోదు. దానికి చేపల అంగడిలో దొరికే విరుగుడు మందు వెయ్యాలి. పూర్వం ఫోటో స్టూడియోల్లో ఫిలిములు కడగడానికి వాడిన హైపో క్లోరిన్‌కు విరుగుడే; ఇప్పుడది చుక్కల మందుగా సీసాల్లో అమ్ముతున్నారు.

చల్లని పొద్దునపూట పని మొదలుపెట్టండి. 20 డిగ్రీల వేడిమి గల లీటరు నీటిలో ప్రాణవాయువు 9 మిల్లీగ్రాములదాకా నిలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. మన వైశాఖమాసపు మధ్యాహ్నం ఇరుకు బకెట్టులో చేపలకు ఎంత ఊపిరాడుతుందో మీరే ఊహించుకోండి.

నీళ్లలో చెయ్యి పెట్టేముందు దీపం, మోటారు, హీటరు తీగలు గోడనుంచి పీకివెయ్యండి. సగానికి మించి పాతనీళ్లను శుభ్రమైన బకెట్లలోకి దించి దాచండి. మొక్కలను మెల్లగా పెకలించి, తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టండి. నీళ్లు బాగా తగ్గిన తరువాత చేపలను పట్టండి. నిండు తొట్టెలో వాటిని తరిమితే అవీ అలిసిపోతాయి, మీరూ అలిసిపోతారు. చేపలున్న బకెట్టులో పాతనీళ్లే వుండాలి. పైన పలచని గుడ్డ కప్పండి, లేకపోతే ఎగిరి కిందపడతాయి. ఫిల్టరును ఆ బకెట్టులోనే పెట్టి నడిపించండి. స్పంజిని కుళాయి కింద కడగవద్దు. మరీ మడ్డి పట్టివుంటే పాత తొట్టెనీళ్లలో ఒకసారి పిండితే చాలు.

ఇప్పుడు మట్టి తీయండి. ఇనప పారతో గీకితే అద్దం పోతుంది. ప్లాస్టిక్ మగ్గు మంచిది. నీళ్లు, ఇసక వుండగా తొట్టెను ఎత్తే సాహసం చెయ్యకండి. రెండడుగుల తొట్టెలో అడుగు ఎత్తు నీళ్లు వుంటే నీళ్లే యాభై కిలోలకు పైగా తూగుతాయి. అద్దాల అతుకులు విడిపోతాయి.

కొత్తది పరిచిన తరువాత దానిమీద ఒక పళ్లెం పెట్టి, దాచిన పాతనీళ్లను పళ్లెం మీదకు సన్నగా పొయ్యండి. నాలుగంగుళాల నీళ్లు చేరగానే మొక్కలు నాటండి. కుళ్లిన వేళ్లు కత్తిరించండి. వేలిస్‌నేరియా వంటి వాటికి మొదలు పైకి కనబడాలి, పూడిస్తే కుళ్లుతుంది. తరువాత మిగిలిన నీళ్లు నింపండి. కొత్తనీళ్ల వేడి పాతనీళ్లతో సమానంగా వుండాలి. ఉత్త ఇసక తొట్టె అయితే, ఫిల్టరు గంటసేపు నడిచిన తరువాత చేపల బకెట్టులో తొట్టెనీళ్లు గ్లాసు గ్లాసుగా కలుపుతూ అలవాటు చేసి, అప్పుడు వదలండి.

తోడు వెయ్యడం మరవకండి

ఈ వరసలో అన్నిటికంటె ముఖ్యమైన మెట్టు ఒకటి మిగిలింది. దాన్ని మన ఇల్లాళ్లకు వేరే నేర్పనక్కరలేదు. గిన్నె తోమి కొత్త పాలు పోసినా, నిన్నటి పెరుగు ఒక చెంచా వేస్తేనే గదా రేపటికి పాలు తోడుకునేది! గిన్నె మారుతుంది, పాలు మారతాయి. తోడు మాత్రం పాతదే.

పాత ఇసకను తవ్వేముందు, పై అంగుళంలోనుంచి రెండు గుప్పెళ్లు తీయండి. అడుగున వున్న నల్లటి ఇసక కాదు, వాసన లేని పై ఇసక. దాన్ని పాత నైలాను మేజోడులోగాని, పలచని గుడ్డలోగాని వదులుగా మూటకట్టి, పాతనీళ్లలోనే వుంచండి. ఆరితే అందులోని జీవులు చచ్చిపోతాయి. కొత్త తొట్టె తయారైన తరువాత ఆ మూటను ఫిల్టరు నీళ్లు పడేచోట పెట్టండి. పాత ఫిల్టరు స్పంజి ఎట్లాగూ వున్నది. ఈ రెండింటినుంచి సూక్ష్మజీవులు కొత్త ఇసకకు వలస పోతాయి. నెల తరువాత మూట తీసివెయ్యవచ్చు. అడుగుమట్టి మార్చిన నెలలో ఫిల్టరు స్పంజిని మార్చకూడదు. పాతవాళ్లను ఇద్దరినీ ఒకేసారి ఇంట్లోంచి పంపివేస్తే కొత్తవాళ్లకు పని నేర్పేది ఎవరు?

పాత మట్టి ఎక్కడ పొయ్యాలి?

కాలవలో మాత్రం పొయ్యకండి. తొట్టె అడుగుమట్టి మంచి ఎరువు. సముద్రపు ఇసక కాకపోతే దాన్ని పెరట్లో రెండు రోజులు ఎండబెట్టి, మల్లెపాదులోనో, గులాబి కుండీలోనో, కరివేప మొదట్లోనో వెయ్యండి. తీసిన నీళ్లూ మొక్కలకే పొయ్యండి. చెరువు పూడిక చేనుకు పోయినట్టే ఇది పాదుకు పోతుంది.

కాలవలో వద్దనడానికి ఇంకొక కారణం వున్నది. ఆ మట్టిలో మొక్కల ముక్కలు, నత్తగుడ్లు వుంటాయి. వీధి కాలవ గెడ్డలో కలుస్తుంది, గెడ్డ ఏ చెరువులోనో, శారదా నదిలోనో కలుస్తుంది. దక్షిణ అమెరికానుంచి పువ్వు అందం చూసి తెచ్చుకున్న గుర్రపుడెక్క మన నీటివనరులను ఎట్లా కమ్మేసిందో కొల్లేటి పల్లెలవారిని అడగండి. అద్దానికి అతుక్కుని నాచు నాకే చిన్న చేప అని ముచ్చటపడి కొన్నది అడుగున్నర పెరిగితే, "పోనీ, బతకనీ పాపం" అని ఏట్లో వదిలేవారున్నారు. ఆ జాతి ఇప్పుడు ఆంధ్ర దేశపు చెరువుల్లో, నదుల్లో పెరిగి, వలలు చింపుతూ జాలరులచేత దెయ్యం చేప అనిపించుకుంటున్నది. ఒక చేపమీద చూపిన జాలి ఒక చెరువుకు చేటు కాగూడదు. పెంచలేని చేపను అంగడివానికే తిరిగి ఇవ్వండి. తీసిన మొక్కలను ఎండలో వడలబెట్టి ఎరువుగుంటలో వెయ్యండి.

తరువాతి నెల

కొత్త మట్టి వేసిన తొట్టె బాలింత వంటిది. నెల్లాళ్లు పథ్యం వుండాలి. మొదటి వారం చేపలకు రోజు విడిచి రోజు, అదీ రెండు నిమిషాల్లో తినివేసేంత మాత్రమే తిండి వెయ్యండి. రెండో రోజో మూడో రోజో నీళ్లు తెల్లగా మసకబారవచ్చు. కంగారుపడి మళ్లీ అంతా కడిగేరు సుమా! ఆ మసక చాలాసార్లు నాలుగు రోజుల్లో దానంతటదే పోతుంది.

అమ్మోనియా చూసే పరీక్షసీసాలు చేపల అంగళ్లలో దొరుకుతాయి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు చూడండి. రంగు మారితే నాలుగోవంతు నీళ్లు తీసి, నిలవ వుంచిన నీళ్లు పొయ్యండి. సీసా లేనివారికి చేపే సీసా. మొప్పలు ఎర్రబడి గబగబా ఆడుతున్నా, పైకి వచ్చి గాలి మింగుతున్నా, మూల చేరి రెక్కలు ముడుచుకున్నా ఆ పూటే నీళ్లు మార్చాలి. ఈ నెలలో కొత్త చేపలను కొని తేవద్దు. చుట్టాలబ్బాయి బహుమతిగా తెచ్చినా సరే, కొన్నాళ్లు సీసాలో కాదు, వెడల్పాటి టబ్బులో వుంచండి.

కొన్ని మొక్కలు కొత్త మట్టిలో పడగానే ఆకులన్నీ రాల్చివేస్తాయి. చచ్చిపోయిందని పీకి పారేయకండి. రాలిన ఆకులు మాత్రం ఏరివెయ్యండి. వేరు బతికివుంటే రెండు మూడు వారాల్లో చిగురు వేస్తుంది. దీపం రోజుకు ఆరు గంటలు చాలు. ఎక్కువ వెలుతురు ఇస్తే మొక్క కోలుకునేలోపల నాచు లేస్తుంది.

నాలుగో వారంలో ఒక సాయంత్రం పిల్లలను పిలిచి, తొట్టె పక్క అద్దంలోంచి అడుగును చూపించండి. ఇసక రేణువుల సందుల్లోంచి దారాల వంటి తెల్లని వేళ్లు దిగుతూ కనిపిస్తే, మట్టి బతికిందన్నమాట. ఆ రోజునుంచి చేపలకు మామూలుగా తిండి పెట్టవచ్చు.